మూడు దినాల పుండు

సుంకప్పను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పాలంటే ఇద్దరు కావాలి. ఒకరికి చూపుండాలి, ఒకరికి బలముండాలి. చూపు ఈరక్కది, బలం రసూల్ సాహెబుది. గనిలో తూటా పేలి సాహెబుకు రెండు కండ్లూ పోయినాయి గానీ, ముప్పయ్యేండ్లు సమ్మెట ఎత్తిన భుజాలు ఇంకా అట్లాగే ఉన్నాయి.

"ఎడమకు మామా. నడుము కింద చెయ్యి పెట్టు. ఇంకొంచెం దిగువకు. ఆఁ, ఆడ్నే. ఊఁ అంటా, అప్పుడెత్తు."

ఆమె ఊఁ అంది. సాహెబు ఎత్తాడు. ఈరక్క ఒక చేత్తో సుంకప్ప మోకాళ్ళు కలిపి పట్టుకుని, ఇంకో చేత్తో భుజాన్ని తనవైపుకు లాక్కుంది. బండ మీద పడి నడుము విరిగినప్పటి నుంచి సుంకప్పకు బొడ్డు కిందికి ఏమీ తెలీదు. కాళ్ళు ఎవరివో అన్నట్టు ఆమె చేతుల్లో వేలాడినాయి. పాతగుడ్డ చుట్టి చేసిన చుట్టకుదుర్లు రెండు మడమల కింద పెట్టింది. మోకాళ్ళ మధ్య మెత్తటి గోనె మడిచి దూర్చింది. వేపాకు నీళ్ళల్లో గుడ్డ ముంచి పిండి, వీపంతా తుడిచింది. నడుము కింద ఎముక పొడుచుకొచ్చిన చోట బొటనవేలితో ఒత్తి చూసింది. ఒత్తితే తెల్లబడి, వేలు తీస్తే ఎరుపు తిరిగి రావాలి. వచ్చింది. అప్పుడు ఆముదం రాసింది.

పగలు నాలుగుసార్లు, రాత్రి రెండుసార్లు. నాలుగేండ్లుగా ఇదే పని. సుంకప్ప వీపు మీద ఇంతవరకు గోరంత పుండు లేదు.

ఆ సోమవారం పొద్దున ఆమె నీళ్ళు పారబోసి వచ్చేసరికి హనుమన్న గుడిసె వాకిట్లో నిలబడి ఉన్నాడు. బండపని కూలీల సంఘానికి ఆయనే సెక్రెటరీ. గని అంచున, పగిలిన నాపరాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి ఈ గుడిసె కట్టించింది సంఘమే. ఈరక్కను పెట్టి, ఆమెకు జొన్నలు పోసేదీ సంఘమే. గనిలో దెబ్బతిని ఇంట్లో చూసే మనిషి లేని వాళ్ళను ఈడకు తెచ్చి పడుకోబెడతారు. ఇప్పుడున్నది సుంకప్ప, సాహెబు ఇద్దరే.

"అక్కా, కూచో. నీతో పనుండాది" అన్నాడు హనుమన్న.

ఆమె గడపలోనే కూచుంది. హనుమన్న చొక్కా జేబులోంచి మడిచిన కాయితం తీశాడు. కర్నూలు రాజధాని అయినాక ఆఫీసులు దగ్గరయినాయి, అర్జీలు రాయడం ఎక్కువయింది. ఇది ఆరో అర్జీ. దీనికి జవాబు వచ్చింది.

"బేస్తవారం ఆఫీసరు వస్తాండాడు. ఈ గుడిసె చూడటానికే వస్తాండాడు. చూసి రాసినాడంటే, పెద్దాసుపత్రిలో గని కూలీలకు ఒక వార్డు. మంచాలు, నర్సమ్మలు, వేళకు డాక్టరు. దెబ్బ తిన్నోని ఖర్చంతా ఓనర్ల మీద పడతాది."

లోపల్నుంచి సుంకప్ప గొంతు వినబడింది. "నిజమేనా హనుమన్నా?"

"నిజమేరా. అయితే చూడాల్సింది చూడాల గదా ఆయప్ప." హనుమన్న కాయితం తిప్పి చూసుకున్నాడు. "దీంట్లో ఏం రాసినామంటే, చూసే దిక్కు లేక, మురికిలో, పుండ్లు పడి మనుషులు కుళ్ళిపోతాండారని. ఆయప్ప వచ్చి ఈ సున్నం కొట్టిన గోడలు, ఈ ఉతికిన దుప్పట్లు చూస్తే ఏమంటాడు? ఇంత బాగా ఉండారు గదా, ఆసుపత్రి ఎందుకంటాడు. పోయినసారి వచ్చినాయన అదే రాసుకొని పాయె."

ఈరక్కకు అప్పటికీ అర్థం కాలేదు. "ఇప్పుడేం చేయాల?"

హనుమన్న ఆమె వైపు చూడలేదు. "ఈ మూడు దినాలు కడగొద్దు. తిప్పొద్దు. దుప్పటి మార్చొద్దు. అంతే."

ఆమె తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకుంది.

"తిప్పకపోతే పుండు పడతాదప్పా."

"మూడు దినాలకేం కాదులే అక్కా."

"నీకు తెలీదు."

"ఆ వార్డు వస్తే వీనికే గాదు, రేపు పడేవానికి గూడా." హనుమన్న గొంతు తగ్గించాడు. "మొన్న నీళ్ళ బిందె ఎత్తబోయి నడుం పట్టుకొని కూలబడినావంట. రసూలు మామ చెప్పినాడు. నువ్వు మంచాన పడితే వీళ్ళను తిప్పేదెవరు?"

నాలుగేండ్ల కింద గనిలోంచి సుంకప్పను వీపు మీద వేసుకుని పైకి మోసుకొచ్చింది ఈ హనుమన్నే. కొట్టం కొట్టం తిరిగి జొన్నలు అడిగి తెచ్చేదీ ఆయనే. చెడ్డవాడైతే కసిరి పంపేది.

"అక్కా" అన్నాడు సుంకప్ప లోపల్నుంచి. "మూడు దినాలే గదా. ఇడిసిపెట్టు. నాకేం తెలుస్తాది? మంచం మీద పడుకోవాలని ఉండాది నాకు. కిటికీ ఉంటాదంట వార్డులో."

*

పని మానేసిన చేతులను ఏం చేసుకోవాలో ఈరక్కకు తెలియలేదు. మొదటిరోజు మధ్యాన్నం తిప్పే వేళకు లేచింది, గుర్తుకొచ్చి కూచుంది. సాహెబు కూడా తన మూల నుంచి లేచి గోడ తడుముకుంటూ రెండడుగులు వచ్చాడు.

"వద్దు మామా" అంది.

ఆయన మళ్ళీ గోడ తడుముకుంటూ వెనక్కి పోయాడు.

ఒక్క పని మాత్రం మాననంది. పొత్తికడుపు మీద అరచెయ్యి పెట్టి ఒత్తి ఒంటికి పోయించకపోతే సుంకప్ప ఉబ్బిపోయి చస్తాడు. అది చేసింది. కింద తడిసిన దుప్పటిని మాత్రం అట్లాగే వదిలేసింది. గంజి తాగించింది. అతని ముఖం కడగబోయి, ముఖం కూడా కడగకూడదేమో అనుకుని, చెంబు కింద పెట్టింది.

మంగళవారానికి ఈగలొచ్చినాయి. నాలుగేండ్లుగా ఈ గుడిసెలో ఈగలు లేవు. ఆమె కొంగుతో తోలుతూ కూచుంది. సుంకప్ప వార్డు గురించే మాట్లాడాడు. మంచం ఇనుపదా, చెక్కదా? నర్సమ్మలు తెలుగు మాట్లాడతారా? పక్క మంచంలో ఎవరుంటారో?

"మామను గూడా నా పక్కనే వేయమని చెప్పాల. మామకు నేను చూసి చెప్తా, నాకు మామ నీళ్ళు అందిస్తాడు."

సాహెబు నవ్వాడు గానీ ముక్కు మీద తువ్వాలు తీయలేదు. కండ్లు పోయినవాడికి వాసన ఇద్దరి వంతు తెలుస్తుంది. బుధవారం సాయంత్రం గుడిసె బయట నమాజు చేసుకుని వచ్చి, ఈరక్క పక్కన మెల్లగా కూచున్నాడు.

"ఈరమ్మా, మురికి వాసన నాకు తెలుసు. ఇది అది గాదు."

ఆమెకూ పొద్దున్నుంచి తెలుస్తూనే ఉంది.

"ఒకపారి తిప్పి చూద్దాం."

"రేపు పొద్దున్నే వస్తాడు గదా మామా. ఇంత చేసి ఇప్పుడు తిప్పితే..." అని ఆగిపోయింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అన్నట్టు ఆమె అరచేత్తో నోరు మూసుకుంది.

*

బేస్తవారం డోన్ నుంచి వచ్చే బండికి సంఘం వాళ్ళు పదిమంది పూలదండతో స్టేషనుకు పోయారు. బండి వచ్చింది, పోయింది. ఆఫీసరు దిగలేదు. పదకొండు గంటలకు హనుమన్న ఒక్కడే గుడిసెకు వచ్చాడు.

"వేరే పని తగిలిందంట. సోమవారం వస్తాడంట. స్టేషన్ మాస్టరుకు తంతి వచ్చింది." ఆయన చెమట తుడుచుకున్నాడు. "ఇంకో నాలుగు దినాలు ఇట్లే..."

ఈరక్క ఆ మాట పూర్తి కానివ్వలేదు. లేచి పొయ్యిలో పుల్లలు పెట్టింది. కుండలో వేపాకు దూసి వేసింది. నీళ్ళు కాగుతుంటే సాహెబును చెయ్యి పట్టి తీసుకొచ్చింది.

"కుడికి మామా. ఊఁ."

దుప్పటి వీపుకు అంటుకుపోయి ఉంది. నీళ్ళు పోసి, నానబెట్టి, కొంచెం కొంచెంగా విడదీసింది. నడుము కింద, ఎముక పొడుచుకొచ్చిన చోట, అరచేయంత మేర చర్మం నల్లబడింది. దాని చుట్టూ ఎర్రగా ఉబ్బింది. బొటనవేలితో ఒత్తింది. తెల్లబడలేదు. వేలు కొంచెం లోపలికి దిగింది.

"ఏముండాదక్కా ఆడ?" అన్నాడు సుంకప్ప.

"చిన్న పొక్కు."

హనుమన్న వంగి చూశాడు. చూసి, గోడ పట్టుకుని బయటికి నడిచాడు. కడగొద్దని మళ్ళీ అనలేదు. వాకిట్లో కాసేపు నిలబడి, పూలదండ ఇంకా తన చేతిలోనే ఉందని చూసుకుని, దాన్ని రాళ్ళ కుప్ప మీద పెట్టి పోయాడు.

శుక్ర, శని, ఆది వారాలు ఈరక్క పడుకోలేదనే చెప్పాలి. గంట గంటకూ తిప్పింది. పసుపు, వేపాకు నూరి పెట్టింది. నల్లటి చర్మం ఊడివచ్చింది. దాని కింద గుంట పడింది. స్టేషను దగ్గరుండే కాంపౌండరు వచ్చి మందుపొడి చల్లి, పుండు ఎముకదాకా పోయిందన్నాడు. సుంకప్పకు ఒళ్ళు కాలడం మొదలైంది. అయినా అతను ఆఫీసరు ఎప్పుడొస్తాడనే అడుగుతున్నాడు.

*

సోమవారం ఆఫీసరు రాకముందే హనుమన్న వచ్చాడు.

"అక్కా, నువ్వు గుడిసె వెనకకు పో. చూసే దిక్కు లేదని రాసినాం గదా. నువ్వు కనబడితే బాగుండదు."

ఆమె కుండ, గుడ్డలు, ఆముదం సీసా అన్నీ గంపలో వేసుకుని గుడిసె వెనక నీడలో కూచుంది. గోడ రాళ్ళ సందుల్లోంచి లోపలి మాటలు వినబడుతున్నాయి.

ఆఫీసరు నడివయసు మనిషి. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. అర్జీ తీసి చదివాడు. ఒక్కో మాట దగ్గర ఆగి, ఆ మాటకు తగినట్టు గుడిసెలో ఏముందో చూసుకుంటున్నాడు.

"పుండు చూపించండి."

హనుమన్న, ఇంకో సభ్యుడు తిమ్మయ్య ముందుకు వచ్చారు. తిమ్మయ్య చెయ్యి పట్టి లాగాడు. హనుమన్న కాలు పట్టాడు. సుంకప్ప నడుము మెలిపడింది. పై సగం ఒక వైపు, కింది సగం ఇంకో వైపు. సుంకప్ప అరిచాడు. భుజం దగ్గర నొప్పి తెలుస్తుంది అతనికి.

"అట్ల గాదప్పా!" సాహెబు మూల నుంచి లేచాడు. చేతులు చాచి ఎటు పోవాలో తెలీక గోడకు తగిలాడు. "ఈరమ్మా! యాడుండావు ఈరమ్మా!"

ఆమె అప్పటికే గడపలో ఉంది. ఎవరినీ చూడలేదు. తిమ్మయ్య చేతిని తీసి పక్కన పెట్టింది. సాహెబు చేతిని పట్టి సుంకప్ప నడుము కింద చేర్చింది.

"ఎడమకు మామా. ఊఁ."

సుంకప్ప బరువే లేనట్టు తిరిగాడు. ఆమె చుట్టకుదుర్లు పెట్టింది, మోకాళ్ళ మధ్య గోనె దూర్చింది, గుడ్డ తీసి పుండు చూపించింది. అప్పుడు గానీ గుడిసెలో అందరూ తననే చూస్తున్నారని ఆమెకు తెలియలేదు.

"నువ్వెవరమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఈడ చూసుకునేదాన్ని సామీ."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నాలుగేండ్లు."

ఆఫీసరు అర్జీ వైపు చూశాడు. హనుమన్న నేల చూశాడు.

"ఈ పుండు ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"మూడు దినాల్లో పడింది. పోయిన వారం."

"అంతకు ముందు?"

"లేదు సామీ."

"నాలుగేండ్లు లేనిది మూడు రోజుల్లో ఎట్లా వచ్చింది?"

సుంకప్ప తల తిప్పి ఆమెను చూస్తున్నాడు. చెప్పొద్దని ఆ కండ్లు అంటున్నాయి. హనుమన్న ఇప్పుడు తలెత్తి ఆమెనే చూస్తున్నాడు.

"నేను తిప్పలేదు" అంది ఈరక్క. "మూడు దినాలు తిప్పలేదు సామీ. అందుకు పడింది."

"ఎందుకు తిప్పలేదు?"

ఆమె జవాబివ్వలేదు. ఎంత అడిగినా ఇవ్వలేదు. ఆఫీసరు పెన్నుకు మూత పెట్టాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు.

"చూసే దిక్కు లేదని అర్జీలో ఉంది. ఇక్కడ మనిషి ఉంది" అన్నాడు హనుమన్నతో, గొంతు పెంచకుండానే. "ఈ అర్జీ నేను పైకి పంపలేను. ఉన్నది ఉన్నట్టు ఇంకొకటి రాసి పంపండి. ఈమె చెప్పింది కూడా రాసి, వేలిముద్ర వేయించండి."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తిమ్మయ్య గడపలో ఉమ్మి, "నాలుగేండ్లు సంఘం జొన్నలు తిని..." అన్నాడు. మిగతాది మింగి, ఆఫీసరు వెనకాలే పోయాడు. హనుమన్న కూడా వాళ్ళ వెనకే పోయాడు.

సుంకప్ప గోడవైపు తల తిప్పుకున్నాడు.

"ఎందుకు చెప్పినావక్కా?" అన్నాడు. "నాలుగేండ్లుగా ఉండాదని చెప్తే ఏం పోయేది? నేను ఆ ఆసుపత్రి చూసేటోన్ని."

ఈరక్క గుడ్డ వేపాకు నీళ్ళల్లో ముంచి పిండింది. పుండు తుడిచింది.

ఆ తర్వాత నాలుగు దినాలు సుంకప్ప ఆమెతో మాట్లాడలేదు. నీళ్ళు కావాలంటే "మామా" అని సాహెబును పిలిచాడు. సాహెబు తడుముకుంటూ వచ్చి చెంబు అందిస్తే, సగం ఒలికేది. ఒలికిన నీళ్ళు ఈరక్క తుడిచేది. శుక్రవారం నుంచి సుంకప్పకు తెలివి తప్పింది. ఇనుపమంచం అంటూ ఏదో గొణిగాడు. శనివారం మధ్యాన్నం, తిప్పే వేళకు సాహెబు నడుము కింద చెయ్యి పెట్టి, ఎత్తకుండా అట్లాగే ఉండిపోయాడు.

"ఈరమ్మా. ఇంక తిప్పేది లేదు."

అయినా ఆమె ఊఁ అంది. ఇద్దరూ కలిసి తిప్పారు. వీపు కడిగి, ఆముదం రాసి, ఉతికిన దుప్పటి పరిచి, సంఘం వాళ్ళకు కబురు పంపింది.

*

సుంకప్ప పోయిన మూడోరోజు గడిచినాక హనుమన్న వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చేతిలో తెల్లకాయితాలు, సిరాబుడ్డి. గడపలో కాదు, లోపల నేల మీద, సుంకప్ప పడుకునే చోటుకు కొంచెం పక్కగా కూచున్నాడు.

"ఇంకో అర్జీ రాయమన్నాడు గదా ఆయప్ప. నెలలోపల పంపాలంట. నువ్వు చెప్పక్కా. నువ్వు చేసే పనంతా చెప్పు. ఎన్నిసార్లు తిప్పేది, ఏం పూసేది. అది రాస్తా."

ఈరక్క సాహెబు దుప్పటికి మాసిక వేస్తోంది. సూది ఆపలేదు.

"ముందు ఇంకోటి రాయి. మూడు దినాలు తిప్పొద్దని సంఘం చెప్పిందని రాయి. ఆ పుండుతోనే సచ్చిపాయెనని రాయి. అది రాస్తే మిగతాది చెప్తా."

హనుమన్న ముఖం నల్లబడింది. "అట్ల రాస్తే ఇంకేముందక్కా? ఓనర్లు ఆ కాయితం పట్టుకొని ఊరంతా తిరుగుతారు. సంఘమే మనిషిని సంపిందంటారు. రేపు ఎవడన్నా సంఘంలో ఉంటాడా?"

"ఏమో. నాకు తెలీదు."

"నేను కావాలని చేసినానా? వాన్ని మోసింది నేను గాదా?"

ఆమె సూది ఆపింది. "కావాలని చేసినావని రాయమనలేదప్పా. జరిగింది రాయమంటాండా. మనిషిని నాలుగేండ్లు చూస్తే బతికినాడు. మూడు దినాలు చూడకపోతే సచ్చిపాయె. నువ్వు వార్డు ఎందుకు అడుగుతాండావో ఆయప్పకు ఇంకెట్ల తెలుస్తాది?"

మూలలో సాహెబు దగ్గాడు. "రాయి హనుమన్నా. నాకు రావాల్సిన మంచం గూడా ఆ కాయితంలోనే ఉండాది. పోతే పోనీ. రాయి."

హనుమన్న సిరాబుడ్డి మూత తీశాడు. చాలాసేపు కలం ముంచి పట్టుకున్నాడు. రాయడం మొదలుపెట్టినాక మాత్రం ఆగకుండా రాశాడు. మొదట ఆ సంగతి, తర్వాత ఆమె చెప్పిన పని. నీళ్ళు కాచే వేళ దగ్గర్నుంచి, మడమల కింద చుట్టకుదుర్ల దాకా. బయట గనిలో సమ్మెటలు మొదలైనాయి, మధ్యాన్నానికి ఆగినాయి.

"చదువు" అంది ఈరక్క. "వేలు పెట్టి చదువు."

ఆయన వేలు పెట్టి చదివాడు. మొదటి నాలుగు వరుసల దగ్గర గొంతు అర్జీలు చదివే గొంతు కాకుండా పోయింది. "...సంఘం సెక్రెటరీ అయిన నేను చెప్పినందున, ఆయనను చూసుకునే ఒక స్త్రీ మూడు దినములు ఆయనను తిప్పలేదు..."

"ఆగు. నా పేరు యాడుండాది?"

"పేరు లేదక్కా. నీ మీదకు రాకూడదని, ఒక స్త్రీ అని రాసినా."

"పేరు రాయి."

"ఎందుకక్కా, రేపు ఎవరన్నా..."

"నువ్వు చెప్పినావు. తిప్పకుండా ఉండింది నేను" అంది ఈరక్క. "నా పేరు రాయి."

హనుమన్న ఆ రెండు మాటలు కొట్టేసి, వాటి పైన, వరుసల సందులో, చిన్న అక్షరాలతో ఆమె పేరు రాశాడు. ఏది తన పేరో వేలు పెట్టి చూపించమంది. చూపించాడు. ఆమె బొటనవేలికి సిరా పూసుకుంది. కాయితం కింద కాకుండా ఆ పేరు పక్కనే, ఉన్న కొంచెం జాగాలో, వేలు ఒత్తింది. సిరా ఆరేదాకా ఇద్దరూ ఆ కాయితం వైపే చూస్తూ కూచున్నారు.